పెరట్లో నీలి: నారు పీకి నాటితే దక్కదు

జుట్టుకు వేసుకునే నీలాకు పొడికి, సహజ రంగుల అద్దకానికి ఈమధ్య గిరాకీ కనిపిస్తోంది. దాంతో నీలి మొక్క పెంచితే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. దీన్నే కొన్నిచోట్ల అవిరి అంటారు. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాల్లో బాగా సాగైన పంటే ఇది. జర్మనీలో తయారైన కృత్రిమ నీలిరంగు 1897లో బజారుకు రావడంతో దీని సాగు పడిపోయింది. ఎకరాల్లో వేసే ముందు పెరట్లో, గట్టున నాలుగు మొక్కలు పెంచి చూసుకోవడం చిన్న రైతుకు మంచిది.

నీలి ఏది? వెంపలి ఏది?

బంజర్లలో, బాటల పక్కన పెరిగే వెంపలిని చూసి నీలి అనుకుని గింజలు ఏరుకొచ్చేవారున్నారు. రెండూ పప్పుజాతివే, దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. వెంపలి చిట్టాకును రెండు చివర్లా పట్టుకుని లాగితే బాణం ములికిలా కోసుగా తెగుతుంది. దాని కాయలు బల్లపరుపుగా ఉంటాయి. నీలి కాయలు సన్నగా, గుండ్రంగా, గుత్తులుగా వేలాడతాయి. నీలి ఆకు ఎండితే నీలి నలుపుకు తిరుగుతుంది. వెంపలి పచ్చిరొట్టకు పనికొస్తుందే గాని దాని ఆకును నీలాకు కింద ఎవరూ కొనరు. కాబట్టి గింజ చేతికి తీసుకునే ముందు తల్లి మొక్కను చూడాలి.

విత్తే పద్ధతి

నీలి గింజ పైపొర గట్టిది. అలాగే చల్లితే కొన్నే మొలుస్తాయి. గింజలను గరుకు ఇసుకతో కలిపి గోనెపట్టాపై మెల్లగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున విత్తుకోవాలి. తొలకరి వానలు పడ్డాక విత్తడం మేలు. నీరు నిలిచే నేల పనికిరాదు. చాళ్ల మధ్య మూరెడు, మొక్కల మధ్య జానెడు ఎడం ఉంచాలి. గింజ వేలి గోరు లోతుకు మించి దిగకూడదు. మొదటి నెలలో మొక్క మెల్లగా ఎదుగుతుంది. అప్పుడు కలుపు తీయకపోతే పైరు అణిగిపోతుంది.

నాటాలంటే సంచుల్లోనే

చాలామంది నష్టపోయేది ఇక్కడే. వంగ, మిరప నారులా దీన్ని మడిలో పోసి పీకి నాటకూడదు. నీలికి తల్లివేరు నిలువుగా లోతుకు దిగుతుంది. అది తెగితే మొక్క వాడిపోతుంది, బతికినా గిడసబారుతుంది. నాటక తప్పదనుకుంటే చిన్న పాలిథీన్ సంచుల్లో మట్టి, చివికిన పశువుల ఎరువు నింపి రెండేసి గింజలు వేయాలి. మొలిచాక బలమైనదాన్ని ఉంచి రెండోది కత్తిరించాలి. నెల, నలభై రోజుల వయసులో మబ్బు పట్టిన రోజునో, సాయంత్రం పూటో సంచి చీల్చి, మట్టి గడ్డ చెదరకుండా గుంటలో పెట్టి వెంటనే నీళ్లు పోయాలి. ముదిరిన మొక్కను తవ్వి మరోచోటికి మార్చే ప్రయత్నం వద్దు. దాని గింజ పట్టుకుని కొత్తగా వేసుకోవడమే నయం.

కోత, ఆరబెట్టడం

సుమారు మూడు నెలలకు పూత మొదలవుతుంది. ఆకులో రంగు పట్టు అప్పుడే బాగుంటుంది. బెత్తెడు మోడు ఉంచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసిన రొట్టను కుప్ప పోస్తే వేడెక్కి పాడవుతుంది. పొద్దున్నే కోసి, పలచగా పరిచి, అదే రోజు ఆరేలా చూడాలి. రెండు మూడు మొక్కలను కోయకుండా విత్తనానికి వదలాలి. కాయలు ముదురు గోధుమ రంగుకు తిరగగానే కోసుకోవాలి.

కొనేవాడు ఉంటేనే ఎకరాల్లోకి

చంపారన్ రైతులు బిఘాకు ఇరవై కఠాల్లో మూడు కఠాలు తెల్లదొరల కోసం నీలి వేయాల్సి వచ్చేది. 1917లో గాంధీజీ అక్కడికి వెళ్లింది ఆ గోడు వినడానికే. ఇవాళ మనల్ని బలవంతపెట్టేవారు లేరు, కొంటామని ఆశపెట్టేవారున్నారు. విత్తనం అమ్మినవాడే ఆకు కొంటానంటే ధర, తేమ, తూకం, డబ్బిచ్చే గడువు కాగితం మీద రాయించుకోండి. అప్పుచేసి ఉన్న చెక్కంతా నీలికి పెట్టొద్దు. కొనేవాడు రాకపోయినా ఒక ధైర్యం ఉంది. జనుము, జీలుగలాగే నీలి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పూతకు ముందే లేతగా కలియదున్నితే మంచి పచ్చిరొట్ట ఎరువు. ఆకు అమ్ముడుపోకున్నా ఆ మేరకు భూమికి బలం మిగులుతుంది.