కంప్యూటర్ కొట్టేసిన రేషన్ కార్డు

‘కంప్యూటర్‌లో మీ పేరు మీద కారు చూపిస్తోంది.’ రేషన్ కార్డు పోయినవాళ్లకి ఆఫీసులో దొరికే జవాబు ఇది. కారు లేదు మొర్రో అన్నా వినే నాథుడుండడు. మనిషైతే లంచం తింటాడు, కులం చూస్తాడు, మిషన్‌కి ఆ రోగాలు లేవు కాబట్టి దాని లెక్క తప్పదని అందరూ నమ్మేశారు. చదువుకున్నవాళ్లు మరీ గట్టిగా నమ్మారు. వాట్సాప్‌లో తిరిగే పుకార్లు చాలావాటిని నవ్వి వదిలేయొచ్చు. ఈ నమ్మకాన్ని అలా వదిలేయడానికి లేదు, దీనివల్ల ఇళ్లలో బియ్యం ఆగిపోయాయి.

తెలంగాణలో 2014–2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. అనర్హుల ఏరివేతకు వాడిన సాధనాల్లో ‘సమగ్ర వేదిక’ ఒకటి. వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు వంటి వేర్వేరు శాఖల రికార్డుల్ని కలిపి, ఈ పేరూ ఆ పేరూ ఒకే మనిషివని తేల్చడం దాని పని. ఈ రద్దుల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రద్దయిన కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో విచారించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. అలా తిరిగి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడుకు పైనే. మళ్లీ దరఖాస్తు పెట్టుకునే ఓపిక లేనివాళ్లు, ఆ కబురే తెలియనివాళ్లు ఈ లెక్కలోకి రాలేదు.

పేర్లు కలిపే ఈ విద్యకి గణిత పునాది వేసింది 1969లో ఇవాన్ ఫెలెగి, అలన్ సంటర్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు. రెండు రికార్డుల్ని పోల్చినప్పుడు మూడు జవాబులు రావచ్చని వాళ్లు అప్పుడే చెప్పారు: ఇద్దరూ ఒకరే, ఒకరు కారు, తేల్చలేం. ఆ మూడో జవాబు వచ్చిన చోట మనిషి కూర్చుని చూడాలి. మన పేర్లకి ఈ జాగ్రత్త మరీ అవసరం. లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఒక ఆఫీసు ఎక్స్‌తో రాస్తుంది, ఇంకో ఆఫీసు కే, ఎస్, హెచ్‌లతో రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరం. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం మనకి వింతేమీ కాదు. విచారణకి మనిషిని పంపకుండా ‘తేల్చలేం’ అన్నవాటిని కూడా ‘ఒకరే’ ఖాతాలో వేసేస్తే, ఎవరి కారో ఎవరి నెత్తినో పడుతుంది.

ఎంత పోలిక ఉంటే ‘ఒకరే’ అనాలన్న గీత ఎక్కడ గీయాలో గణితం చెప్పదు. గీత కిందికి దించితే దొంగ లబ్ధిదారులు ఎక్కువమంది దొరుకుతారు, వాళ్లతో పాటు నిజమైన పేదలూ ఎక్కువమంది బలైపోతారు. పైకి జరిపితే ఇది తిరగబడుతుంది. కారున్నవాడి ఇంటికి బియ్యం వెళ్లడం పెద్ద నష్టమా, కూలికెళ్లే ఆమెకి ఆగిపోవడం పెద్ద నష్టమా? ఇది శాసనసభలో తేలాల్సిన ప్రశ్న. టెండరు దక్కించుకున్న కంపెనీ ఇంజినీరుకి దాన్ని వదిలేయడం అన్యాయం. ఇలాంటి పనులకి వాడే కృత్రిమ మేధ(ఏఐ)ను ఎలా అదుపులో పెట్టాలో విశ్వవిద్యాలయాల్లో పరిశోధిస్తున్నవాళ్లు అడుగుతున్నదీ ఇదే.

కులం కాలమ్ తీసేస్తే వివక్ష పోతుందనేది, మిషన్ లెక్క తప్పదన్న నమ్మకానికి తోబుట్టువు. అమెరికా ఆసుపత్రులు వాడే ఒక ప్రోగ్రామ్‌ను 2019లో జియాద్ ఒబర్‌మేయర్ బృందం పరీక్షించింది. అందులో జాతి వివరమే లేదు. ఎవరి వైద్యానికి ఎక్కువ ఖర్చవుతుందో వాళ్లకే జబ్బు ఎక్కువని అది లెక్క కట్టింది. నల్లజాతి రోగుల మీద పెట్టిన ఖర్చే తక్కువ కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించారు. ఆ లెక్క సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యేవాళ్లలో వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

ప్రొఫెసర్ల పేపర్లు అటక మీదికే పోతాయంటారు. అదీ అపోహే. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అనే ప్రభుత్వ పథకం ఏడాది ఆదాయాన్ని పక్షాలకి సమానంగా పంచి, నాలుగు లక్షల మందికి పైగా పేదల మీద లేని బాకీలు మోపింది. దానికి చట్టబలం లేదని ట్రిబ్యునల్ సభ్యుడిగా 2017లోనే తీర్పు చెప్పి, ఆ తర్వాత పరిశోధనా పత్రాల్లోనూ రాసింది న్యాయశాస్త్ర ఆచార్యుడు టెరీ కార్నీ. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది, 2023లో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని కడిగేసింది. నెదర్లాండ్స్‌లో పేదల మీద మోసగాళ్లన్న అనుమానపు ముద్ర వేసే ‘సిరి’ వ్యవస్థను హేగ్ కోర్టు 2020 ఫిబ్రవరిలో ఆపేసింది. ఆ కేసులో వాదన దాఖలు చేసిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫిలిప్ ఆల్స్టన్ కూడా న్యాయశాస్త్ర ఆచార్యుడే.

అయితే ఈ అపోహలో ఒక ముక్క నిజమని ఒప్పుకోక తప్పదు. పరిశోధన నెమ్మది. పేపరు అచ్చయ్యేసరికి సాఫ్ట్‌వేర్ మారిపోతుంది, కార్డు పోయిన కుటుంబం ఎన్నో నెలలు బియ్యం కొనుక్కుని తింటుంది. ఏఐ నైతికత మీద రాసేవాళ్లలో కొందరికి ఏఐ కంపెనీల నిధులే అందుతున్నాయన్నదీ నిజమే. డబ్బు ఎక్కడిదో పేపర్ చివర చూశాకే పేపర్‌ని నమ్మాలి.

మిగతా అపోహలకి తలా ఒక మాట చాలు. ఏఐ నియంత్రణంటే మనుషుల్ని చంపే రోబోల గొడవ అనుకునేవాళ్లు సినిమాలు తగ్గించాలి. చట్టం వస్తే స్టార్టప్‌లు మూతపడతాయనేవాళ్లు యూరప్ 2024 చట్టం చదవాలి. సంక్షేమ అర్హత తేల్చేలాంటి ప్రమాదకర వాడకాల మీదే దాని బరువు ఎక్కువగా ఉంది. మన దగ్గర ఏమీ లేదనడమూ తప్పే. ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు బలరామన్ రవీంద్రన్ నాయకత్వంలోని కమిటీ తయారుచేసిన ఏఐ మార్గదర్శకాలు 2025 నవంబరులో వచ్చాయి. వాటికి చట్టబలం లేదు గానీ, 2013 ఆహార భద్రత చట్టానికి ఉంది.

కాబట్టి కార్డు పోతే ‘కంప్యూటర్ చెప్పింది’ అన్న మాట విని వెనక్కి రావద్దు. ఏ శాఖ రికార్డు, ఏ బండి నంబరు, ఇంటికొచ్చి విచారించింది ఎవరు, ఏ తేదీన? ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. విలేకరులూ విద్యార్థులూ సమాచార హక్కు కింద అడగాల్సింది వేరు: ఎన్ని రికార్డుల్ని కలిపారు, ఎన్ని తప్పని తేలాయి, గీత ఎక్కడ పెట్టారు, ఎవరి ఉత్తర్వుతో? కంపెనీ వ్యాపార రహస్యమని తిప్పి పంపొచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఆ మినహాయింపు చెల్లదని అదే సెక్షన్ 8(1)(డి)లో ఉంది. దాన్ని ఉటంకిస్తూ 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.