మీకు తెలుసా? గల్ఫ్ నుంచి తెచ్చే ల్యాప్‌టాప్‌కు సుంకం లేదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను పిల్లలు గేమ్ కన్సోల్ తెమ్మంటే, దాని బదులు ల్యాప్‌టాప్ తేవడం గురించి ఇవి చూసుకోండి.

• 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కన్సోల్‌కు ఆ ప్రత్యేక మినహాయింపు లేదు. దాని ధర సుంకం లేని మామూలు సామాను పరిమితిలో కలుస్తుంది.

• దుబాయ్ ప్లగ్‌కు మూడు దీర్ఘచతురస్రాకార పిన్నులుంటాయి కాబట్టి అది మన మామూలు సాకెట్‌లో పట్టదు. ల్యాప్‌టాప్ అడాప్టర్‌పై 100–240 వోల్టులని ఉంటే వైరు మారిస్తే చాలు.

• కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడుస్తుంది. అయితే అప్పుడు గేమ్ వేగం తగ్గుతుంది.

• పెద్ద గేములకు విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న ల్యాప్‌టాపే కొనాలి.

• అదే ల్యాప్‌టాప్ నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుకూ పనికొస్తుంది.