గులేబకావళి కథలోని నేత్రరోగము

గులేబకావళి కథ ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1962లో చలనచిత్రమై యది జనసామాన్యమునకు మిక్కిలి చేరువైనది, ఆచార్య సి. నారాయణరెడ్డిగారు సినీగేయరచనకు పూనుకొన్నదియు ఆ చిత్రముతోడనే. ఈ కథకు మూలమైన రాజుగారి యంధత్వ మెట్టిదను విషయమును మేమిచట పరిశీలింపదలచితిమి.

ఇజ్జతుల్లా బెంగాలీ 1722లో పారసీకమున రచించిన యీ కథను, 1803లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాలకై నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనమున వెలయించెను. జైనుల్ములూక్ అను రాజునకు అయిదవ కుమారుడు తాజుల్ములూక్. తండ్రి ఈతనిని చూచినచో అంధుడగునని జ్యోతిష్కులు చెప్పిరి. బాలుని వేరుగ పెంచిరి. ఒకనాడు వేటలో రాజు కుమారుని చూచెను, చూపు పోయెను. బకావళి వనమునందలి పుష్పమే దీనికి మందని వైద్యులు నిర్ణయించిరి.

ఈ కథను పాఠము చెప్పునపుడు, రాజుగారికి వచ్చినది మోతియాబిందేయని విద్యార్థులు సమాధానమిచ్చుట మేమెరుగుదుము. హైదరాబాదు పాతనగరపు నుడికారమున శుక్లమునకు ఇదియే పేరు. అచట 1595లో మహమ్మదు కులీ కుతుబ్‌షా నిర్మించిన దారుల్‌షిఫా మొదలు నేడు చార్మినారు చెంతనున్న నిజామియా వైద్యశాల దాక యునానీ వైద్యము పరంపరగ వచ్చుచున్నది. ఆ శాస్త్రమున శుక్లమునకు నుజూలుల్మా, అనగా నీరు దిగుట, అని పేరు. దిగిన ద్రవము కనుపాపకు అడ్డుపడునని ప్రాచీనుల భావన. ఇది నెమ్మదిగ ముదురును. పాప తెల్లబడుట పరులకును గోచరించును. రాజుగారి దృష్టియో, ఒక్క చూపుతోనే నశించినది. కావున ఆ సమాధానము పొసగదు.

దీనికి సన్నిహితమైన రోగము సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున కలదు. అందు చెప్పబడిన 76 నేత్రరోగములలో కడపటి రెండును బాహ్యములు. వానిలో ఒకటి అనిమిత్త లింగనాశము. దేవతలను, ఋషులను, గంధర్వులను, మహాసర్పములను, మిక్కిలి ప్రకాశించు వస్తువులను చూచుటవలన ఇది కలుగును. కన్ను స్వచ్ఛముగనే యుండును. దృష్టి మాత్రము నశించును. చూచుటయే చూపునకు చేటగుట ఇందలి విశేషము. ఈ గ్రంథమే కథకు ఆధారమని మేము చెప్పుటలేదు. రెండింటి యూహయు ఒక్కటియని మాత్రమే మా తాత్పర్యము.

ఈ యూహ కేవల కల్పనయు కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ మన ప్రాంతముమీదుగ సాగినపుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల్–రంగాపూర్ వేధశాలయందు శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. గ్రహణవేళ వట్టి కన్నులతో సూర్యుని తేరిచూచినచో, కంటి లోపలి రెటీనా యను పొర దెబ్బతినును. నొప్పి యుండదు, వెలుపలికి కన్ను మామూలుగనే కనిపించును.

అయితే శాస్త్రమున చూపును హరించునది తేజస్సు. కథలో హరించునది పుత్రుని ముఖము. తండ్రికి మిక్కిలి ప్రియము కావలసిన దర్శనమే ఆతనికి నిషిద్ధమైనది. ఎవనిని చూచి అంధుడయ్యెనో ఆ కుమారుడు సాధించిన పుష్పమువలననే రాజునకు మరల దృష్టి కలిగెను. రాజుగారి రోగమును శుక్లమనుకొన్నచో ఆ పుష్పము ఒక మందు మాత్రమే యగును. పితాపుత్రుల యెడబాటు మరుగునపడును. కల్పితరోగమునకు లోకములోని పేరు వెదకుటకు ముందు, కథ దానికి చెప్పిన కారణమును గుర్తించుట పరిశోధకునకు ఆవశ్యకము.