పుట్టలోని పొత్తు

కర్నూలు, కడప సీమల ఎర్రనేలలలో పుట్ట నెరుగనివా రుండరు. నాగుల చవితినాడు దానిలో పాలు పోసి పాముపుట్ట యందుము. కాని పాము అందు చేరునదే గాని కట్టినది కాదు, కట్టినది చెదపురుగు.

ఈ చెదలలో శ్రామికులకు కన్నులు లేవు. మట్టి మోయుట, గోడ కట్టుట, పిల్లలను సాకుట, రాణికి మేత పెట్టుట వాని పని. జీవితమంతయు పాటుపడి, సంతానము లేకయే అవి గతించును. గ్రుడ్లు పెట్టునది రాణి యొక్కతే.

ఇందొక చిక్కు కలదు. సంతానమును విడిచిన జీవుల లక్షణములే ముందు తరములలో నిలుచునని 1859లో డార్విన్ తెలిపెను. మరి బిడ్డలు లేని శ్రామికుల సేవాగుణము తరతరములకు ఎట్లు దిగివచ్చినది? చీమల విషయమున ఈ ప్రశ్న ఆయననే కలవరపెట్టినది. ఎంపిక కుటుంబమునకును వర్తించునని ఆయన సమాధానము చెప్పుకొనెను. దానికి లెక్క కట్టి చూపినవాడు హామిల్టన్, 1964లో. సొంత బిడ్డలో మన జన్యువులు సగముండును. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువులోను సగటున సగమే యుండును. కావున తోబుట్టువులను పెంచినను ఆ జన్యువులు నిలుచును. తండ్రి వేరైనచో ఆ భాగము నాలుగవ వంతునకు తగ్గిపోవును.

తొలకరి సాయంకాలమున దీపముచుట్టు మూగు ఉసుళ్లను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అవి రెక్కలు వచ్చిన చెదలే. పెక్కు పక్షులకు, బల్లులకు ఆహారమైపోగా, మిగిలిన జంట రెక్కలు రాల్చి నేలలో దూరి కలకాలము కాపురము చేయును. అందుచేత పుట్టలోని వారందరు సాధారణముగా ఒకే దంపతుల బిడ్డలు. ఈ ఏకదాంపత్యమే వాని పొత్తునకు పునాది యని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

రక్తసంబంధము లేని పొత్తు కూడ ఆ పుట్టలోనే కలదు. 'పుట్టగొడుగు' అను మాటయే అందుకు సాక్ష్యము. పుట్టలు పెట్టు ఈ చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి మ్రింగి, విసర్జించిన దానిని గూళ్లుగా పేర్చి, వానిపై ఒక జాతి బూజును పెంచును. బూజు కట్టెలోని గట్టి పదార్థమును మెత్తపరచును. చెదలు దానిని తినును. బూజునకు తడియు, నీడయు, మేతయు లభించును. వానలకు ఆ బూజే పుట్టపై గొడుగై మొలచును. సుమారు మూడు కోట్ల సంవత్సరములుగా సాగుచున్న సేద్యమిది. ఒకటి లేక మరియొకటి బ్రతుకజాలదు.

వేరుసెనగ వేళ్లను కొరుకు చెద రైతునకు శత్రువే, కాదనము. అయినను దాని పుట్ట ఒక సంగతి తెలుపుచున్నది: ఇచ్చిన మేలు ఏదో ఒక దారిని తిరిగి చేరినచోటనే పొత్తు నిలుచును. మన పల్లెలో చెరువు పూడిక తీయుటకు వచ్చువారందరు అన్నదమ్ములు కారు. వారిని కలిపి యుంచునది పుట్టుక కాదు, నీటి పంపకములోని న్యాయము. అది తప్పిననాడు గట్టు తెగక మునుపే పొత్తు తెగును.