నలుపు తెలుపు రీలుకు ఎండా, నీటి ఎద్దడీ రెండూ గండాలే

కర్నూలు: కొన్ని ఇళ్ళలో పాత పెళ్ళి ఫోటోలు నేటికీ నిగనిగలాడుతున్నాయి. మరికొన్ని ఇళ్ళలో పసుపుపచ్చగా మారి ముఖాలు ఆనవాలు పట్టడం లేదు. దీనికి తరచూ కారణం హైపో పూర్తిగా వదలకపోవడమే. మిగిలిపోయిన హైపో ఏళ్ళు గడిచేకొద్దీ బొమ్మలోని వెండిని పాడుచేస్తుంది. బిందెడు నీళ్ళకు మైలు నడిచే కరవు ఊళ్ళలో ఫోటో కోసం గంటసేపు నీళ్ళు పారబోసేదెవరు?

అటకమీది కెమెరా దింపి మళ్ళీ రీలు వేయాలనుకునే వారికీ ఇదే చిక్కు.

ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారు 1967 నుంచి తయారుచేసిన 'ఇందు' ఫిల్ము ఇప్పుడు లేదు. ఇంగ్లండు నుంచి ఇల్ఫర్డ్, అమెరికా నుంచి కొడాక్ రీళ్ళు వస్తున్నాయి. మన ఎండకు 100 లేక 125 వేగం చాలు. 125 ఫిల్ముకు మంచి ఎండలో ఎపర్చరు 16, షట్టరు సెకనులో 125వ వంతు పెడితే సరి. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాకైతే 120 రీలు వేయాలి, 12 ఫోటోలు వస్తాయి. 400 వేగం ఫిల్ము ఇంటి లోపలికి, రాత్రి పెళ్ళిళ్ళకు. అది వేడికి తొందరగా మసకబారుతుంది గనుక రేకుల కొట్టులో ఉంచరాదు.

ఇక కడగడం. కాగితం ఫోటోలకు ఎర్రదీపం పనికొస్తుంది గాని, రీలును ట్యాంకులో చుట్టేటప్పుడు అదీ ఉండకూడదు, కటిక చీకటి కావాలి. డెవలపరుకు తగిన వేడి 20 డిగ్రీలు. మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 40 దాటుతుంది, మిద్దె మీది నీళ్ళు చేయి కాలుస్తాయి. ఆ వేడికి ఫిల్ము మీది జిగురుపొర ఉబ్బి మెత్తబడుతుంది. గోరు తగిలితే ఊడివస్తుంది. పటిక కలిపిన హైపో వాడితే పొర గట్టిపడే మాట నిజమే. కాని గట్టిపడిన పొరలోంచి హైపో వదలాలంటే నీళ్ళు మరింత కావాలి. వేడికి చేసిన మందు నీటికి చేటు తెస్తుందన్నమాట.

అందుకే పటిక జోలికి పోకుండా నీళ్ళు చల్లబరచుకోవడం మేలు. మన గాలి పొడిగాలి. కొత్త మట్టికుండ కోస్తాలో కన్నా ఇక్కడ బాగా పనిచేస్తుంది. రాత్రి నింపి, తెల్లవారుజామున పని మొదలుపెట్టాలి. ఐసు దొరికితే డెవలపరులో వేయకుండా సీసా చుట్టూ పెట్టాలి. 24 డిగ్రీల దగ్గర నిలిచినా ఫరవాలేదు, 10 నిమిషాల పనిని 7 నిమిషాలకు తగ్గించుకోవాలి.

హైపో తర్వాత నీళ్ళకు ఇల్ఫర్డ్ వారు చెప్పిన పద్ధతి ఒకటుంది. ట్యాంకు నింపి మూతపెట్టి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్ళీ నింపి 10 సార్లు, మూడోమారు 20 సార్లు. మొత్తం రెండు లీటర్లు దాటవు. కరవు సీమకు ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు. అయితే ఇది ఫిల్ముకే, అదీ పటిక వాడనప్పుడే. కాగితం ఫోటోలకు చాలదు.

బోరు నీళ్ళలోని ఉప్పు ఆరాక తెల్లమరకలు వేస్తుంది. చివరిసారి బ్యాటరీల్లో పోసే నీళ్ళలో ముంచి, దుమ్ము లేవని గదిలో ఆరవేయాలి.

గోడ మీది ఫోటో పసుపెక్కినా దాని నెగెటివు బాగుండవచ్చు. ఇంట్లో పాత కవర్లుంటే పారేయకుండా ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూడండి. బొమ్మ స్పష్టంగా కనిపిస్తే కొత్త ఫోటో తీయించుకోవచ్చు.