బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి మూడు దారులు

పంట రుణం తిరగరాయించుకోను బ్యాంకుకు పోయినప్పుడు ‘మా పిల్లోడూ ఆ కుర్చీలో కూర్చుంటే’ అనుకోని రైతు ఉండడు. డిగ్రీ కాగానే అప్పు చేసైనా పట్నంలో కోచింగుకు పంపుతారు. అయితే ఆ కుర్చీకి దారి ఒక్కటే కాదు. ఏది మన పిల్లలకు సరిపోతుందో ముందే చూసుకుంటే డబ్బూ, వయసూ రెండూ మిగులుతాయి.

మొదటి మెట్టు ఆఫీసరును స్కేల్-1 అంటారు. ఈ పరీక్షలు ఐ.బి.పి.ఎస్. సంస్థ జరుపుతుంది. స్టేట్ బ్యాంకు మాత్రం తన పి.ఓ. పరీక్ష తానే పెట్టుకుంటుంది.

పి.ఓ.

ఏ డిగ్రీ ఉన్నా చాలు. ఐ.బి.పి.ఎస్. పి.ఓ.కు వయసు 20 నుంచి 30. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. ఇంగ్లీషు పేపరు తప్పదు. డిపాజిట్లు, ఇళ్ల రుణాలు, వ్యాపార రుణాలు అన్నీ చూడాలి. దేశంలో ఎక్కడికేసినా పోవాలి.

ఫీల్డాఫీసరు

వ్యవసాయం, ఉద్యానం, పశువైద్యం, డెయిరీ, మత్స్య శాస్త్రం వంటి వాటిలో నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. పదో తరగతి తర్వాత చదివే రెండేళ్ల అగ్రికల్చర్ డిప్లొమా దీనికి పనికిరాదు. ఈ సంగతి తెలియక మోసపోయేవాళ్లున్నారు. మెయిన్ పరీక్ష చదివిన సబ్జెక్టు మీదే ఉంటుంది. చేలు చూడడం, పంట, ట్రాక్టరు, పాడి రుణాలివ్వడం, బాకీలు వసూలు చేయడం వీళ్ల పని. వీళ్లనూ వేరే రాష్ట్రానికి వేయొచ్చు.

గ్రామీణ బ్యాంకు

ఏ డిగ్రీ అయినా సరే, స్థానిక భాష రావాలి. మొదటి పరీక్షలో లెక్కలు, రీజనింగ్ మాత్రమే. తెలుగులోనూ రాయొచ్చు. తెలుగు మీడియం పిల్లలకు ఇది పెద్ద అనువు. ఉద్యోగం ఆ బ్యాంకు పరిధిలోనే. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. తెలంగాణలోనూ ఆ ఏడాది జనవరి నుంచి ఒక్కటే గ్రామీణ బ్యాంకు. కాబట్టి సొంత జిల్లాయే దొరుకుతుందని చెప్పలేం గానీ రాష్ట్రం దాటదు.

జీతంలో తేడా ఎంత?

2024 వేతన ఒప్పందం ప్రకారం స్కేల్-1 మూల వేతనం రూ.48,480తో మొదలవుతుంది. గ్రామీణ బ్యాంకులకూ ఇదే వర్తిస్తుంది. స్టేట్ బ్యాంకు పి.ఓ.కు చేరగానే నాలుగు ఇంక్రిమెంట్లు ఎక్కువిస్తారు. కరువు భత్యం, అద్దె భత్యం అదనం. అంటే పేరు పెద్దదని ఒకదాని వెంటే పడాల్సిన పనిలేదు.

ఏం చేయాలి?

లెక్కలు, రీజనింగ్ చదువు మూడింటికీ పనికొస్తుంది. అర్హత ఉన్న పరీక్షలన్నీ రాయించండి. వయసులో బి.సి.లకు మూడేళ్లు, ఎస్.సి., ఎస్.టి.లకు ఐదేళ్లు సడలింపు ఉంది. బి.సి. సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయరు కాదని రాసి ఉండాలి. ప్రకటన వచ్చాక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగేకంటే ఇప్పుడే తీసి పెట్టుకోవడం మేలు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను గుమ్మం ఎక్కనీయొద్దు. పొలం తాకట్టు పెట్టే ముందు ప్రకటనలోని అర్హతలు ఒకసారి చదివించుకోండి.