బొడ్డు కోసిన బ్లేడు నుంచి సిజేరియన్ కుట్ల దాకా

మన రాయికల్ మండలాన్ని ఒరుసుకుని పారే గోదావరి ధర్మపురి దాటి కాళేశ్వరం చేరేసరికి అవతలి ఒడ్డు మహారాష్ట్ర అవుతుంది. అక్కడి సిరోంచ గడ్చిరోలి జిల్లాలోది, తెలుగు బాగా వినిపించే ఊరు. ఆ జిల్లాలోనే డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు బయటపడింది. ఆ జబ్బుల్లో సగం ఇన్ఫెక్షన్లే. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే! 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి ఆడపుట్టుకకు మామూలే అని ఇప్పటికీ సర్దుకుపోయే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

రాణీ, ఆమె భర్త అభయ్ బంగ్ అంతటితో ఆగలేదు. 39 ఊళ్లలో మామూలు పల్లె ఆడవాళ్లకే పసిబిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంచడం, చీము జ్వరాన్ని పసిగట్టడం, జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. చీము జ్వరం, అంటే సెప్సిస్, సోకిన ప్రతి వంద మంది శిశువుల్లో అంతకుముందు దాదాపు 17 మంది పోయేవారు. ఈ ఆడవాళ్లు వైద్యం చేశాక అది మూడుకు దిగింది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బాలింత ఇంటికి రావడం వెనుక ఉన్నది ఈ అనుభవమే. ఆమెను గుమ్మంలోనే సంతకం పెట్టి పంపేయకండి. బిడ్డను చూపించండి.

ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో బతుకుతుంది. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి, పైన పేడో బూడిదో అద్దితే అది నేరుగా బిడ్డ ఒంట్లోకి చేరేది. ప్రతి జిల్లాలో వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కన్నా తక్కువకు పసిబిడ్డల ధనుర్వాతాన్ని తగ్గించామని దేశంలో ముందుగా నిరూపించుకున్నది 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. అయితే క్రిమి మట్టిలోంచి పోదు, కాబట్టి గర్భిణికి ధనుర్వాతం రాకుండా వేసే టీడీ సూది ఎప్పటికీ తప్పదు. బొడ్డుకు పసుపు సహా ఏమీ రాయకుండా పొడిగా వదిలేయడమే మేలు. పసుపు కూరలో వేసుకుందాం.

ముప్పు ధనుర్వాతంతోనే ఆగదు. కాన్పు సమయంలో తల్లి నుంచి హెపటైటిస్ బి సోకిన పదిమంది బిడ్డల్లో తొమ్మిది మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా పడాలనేది అందుకే. విదేశీ టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో, 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ధరను యాభై రూపాయల స్థాయికి దించింది.

ఇప్పుడు మన దగ్గర ఇంట్లో కాన్పులు దాదాపు లేవు. భయం బ్లేడు నుంచి కుట్లకు మారింది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో సిజేరియన్లు నూటికి 21 దాటితే, తెలంగాణలో 60 దాటాయి. కరీంనగర్ జిల్లాలో అయితే 82! ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. సహజ కాన్పు కన్నా కోతలో ఇన్ఫెక్షన్ ముప్పు చాలా రెట్లు ఎక్కువన్న సంగతి ముహూర్తం పెట్టే పంతులుగారు చెప్పరు. ఆపరేషన్ తప్పనిసరైతే యాంటీబయాటిక్ కోతకు ముందే పడాలి. ఆ సంగతి డాక్టరును అడగడం తప్పేం కాదు. సహజ కాన్పులు పెంచడానికి తెలంగాణలో ప్రభుత్వ నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫ్ శిక్షణ 2017లో మొదలైంది కూడా కరీంనగర్‌లోనే.

ఇన్ఫెక్షన్‌కు తొలి అడ్డుకట్ట చేతులు కడగడమే. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు నూటికి పది పైనుంచి రెండు దగ్గరికి పడ్డాయి. తోటి డాక్టర్లు మాత్రం నొచ్చుకున్నారు. బిడ్డను చూడటానికి వచ్చే చుట్టాలకు సబ్బు చూపించినా అలాగే నొచ్చుకుంటారు. పర్వాలేదు, చూపించండి.

బాలింతకు జ్వరం, దుర్వాసన వచ్చే మైల, కుట్లలో చీము; బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం, నిమిషానికి 60కి పైగా ఊపిరి, బొడ్డు చుట్టూ ఎరుపు – వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.